ఒక సీటుకి ఒక ఒళ్ళు

వేమూరి శశిభూషణ్ దొంగ అని సన్యాసిరావు ఎక్కడా అనడు. దొంగయితే కళ్ళు గప్పి పట్టుకుపోతాడు. శశిభూషణ్ ఎదురుగా కుర్చీ వేసుకుని, వరహాలమ్మ ఇచ్చిన టీ తాగి, మాటమాటకీ ‘సార్, సార్’ అంటూ పట్టుకుపోయాడు. అందుకే దొంగ మీద వచ్చేదానికి నాలుగింతలు కోపం వస్తుంది.

మొన్న పేపర్లో ఆ శశిభూషణ్ ఫొటో పడింది. నవ్వుతూ ఒక కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పైన పెద్దక్షరాలతో హెడ్డింగు: ‘ప్రపంచంలోనే తొలిసారి! ఇద్దరు కలిసి ఒకే సినిమా చూసే సీటు. హైదరాబాదు శాస్త్రవేత్త అద్భుత ఆవిష్కరణ.’

పాలకొండ మెయిన్ రోడ్డు మీద టీకొట్టు బల్ల మీద కూర్చుని సన్యాసిరావు ఆ వార్త పైకి చదివాడు. చదివి, పేపరు మడిచి, గ్లాసు కింద పెట్టాడు.

“ఇద్దరు కలిసి సినిమా సూడ్డం ఇప్పుడు కనిపెట్టేర్రా. రేపు వాన పైనుంచి కిందకి పడతాదని కనిపెడతారు. దానికీ ఫొటో ఏస్తారు.”

కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. సన్యాసిరావు నవ్వలేదు. ఆ సీటు ఎక్కడ పుట్టిందో, అందులో మొదట కూర్చున్న ఇద్దరూ ఎవరో ఆయనకు తెలుసు. ఆ వార్తలో వాళ్ళ పేర్లు లేవు.

సన్యాసిరావు ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాడు గానీ పేపరు మానలేదు. తండ్రి కట్టిన శ్రీ వరహా టాకీసులో టిక్కెట్ల గదిలో కూర్చుని, ఆట మొదలయ్యేదాకా సైన్సు వార్తలూ సినిమా వార్తలూ వదలకుండా చదివేవాడు. చదివి ఊరుకోడు, తీర్పు చెప్పేవాడు.

“కోడిగుడ్డు మంచిదట. పోయినేడు చెడ్డదన్నారు. గుడ్డు అలాగే ఉంది, మారిందల్లా శాస్త్రవేత్త.”

“అంగారకుడి మీద ఇళ్ళు కట్టుకోవచ్చట. ఇక్కడ గోడ కట్టుకుంటానంటే మున్సిపాలిటీ వాడు మూడేళ్ళు తిప్పేడు.”

ఆ తీర్పులు వినడానికి గేటు దగ్గర టిక్కెట్లు చింపే గవర్రాజూ, ఆడవాళ్ళ కౌంటర్లో కూర్చునే భార్య వరహాలమ్మా తప్ప జనం ఉండేవాళ్ళు కాదు. ఫోన్లు వచ్చాక హాలు ఎండిపోయింది. మార్నింగ్ షో ఎత్తేశారు. బాల్కనీలో పావురాలు కాపురం పెట్టాయి. ఫంక్షన్ హాలు చేసేద్దామని ఇద్దరు ముగ్గురు అడిగారు. సన్యాసిరావు ఒప్పుకోలేదు. అది తండ్రి మీద ప్రేమ అని ఊళ్ళో అనుకునేవారు. ప్రేమ కొంత, ఎవడో చెప్పింది ఎందుకు వినాలన్న పంతం ఎక్కువ.

ఒకరోజు పేపర్లో హీరో రణధీర్ తన ముఖాన్నీ గొంతునూ ఒక కంపెనీకి లీజుకిచ్చాడని వచ్చింది. ఇక ఆయన షూటింగులకు రానక్కర్లేదట.

“ఇల్లు లీజుకిస్తారు, చెరువు లీజుకిస్తారు. ముఖం ఎలాగిస్తాడ్రా? మరి ఇప్పుడు ఆడు అద్దంలో సూసుకుంటే అద్దె కట్టాలా?” అన్నాడు సన్యాసిరావు.

ఆ ముఖాన్ని లీజుకి తీసుకున్న కంపెనీ నుంచే శశిభూషణ్ కారు దిగాడు. సన్నగా, శుభ్రంగా, మెత్తగా మాట్లాడే మనిషి. పెద్ద ఊళ్ళలో పెట్టే ముందు చిన్న ఊరి జనం మీద పరీక్షించాలట. ఖాళీగా ఉన్న పాత హాలు కావాలట. మీది ఖాళీగా ఉందని వెతుక్కుంటూ వచ్చాం అని అంత మర్యాదగా చెప్పాడు, అది తిట్టని తెలుసుకోవడానికి సన్యాసిరావుకి కాసేపు పట్టింది.

తెర మార్చి, పది కుర్చీలు బిగించి, సన్యాసిరావుని ఒకదాంట్లో, గవర్రాజుని పక్కదాంట్లో కూర్చోబెట్టారు. కుర్చీ చేతుల మీద నున్నటి ఇనప పట్టీలు ఉన్నాయి. అరచేతులు వాటి మీద పెట్టమన్నారు. తలవెనక చిన్న స్పీకరు, ఆ కుర్చీలో ఉన్నవాడికి మాత్రమే వినపడేది.

దీపాలు ఆరాయి. తెర మీద వాన. గొడుగు లేకుండా రణధీర్ నడిచొచ్చాడు. వచ్చి, ఒక ముసలాయన కాలరు పట్టుకుని ముందుకు లాగాడు. సన్యాసిరావు గుండె జల్లుమంది. చేతి కింద పట్టీ ఆ జల్లును పట్టేసుకున్నట్టుంది, కెమెరా ముసలాయన ముఖం దగ్గరికి జరిగింది. అచ్చు చిన్నప్పటి బడిలో సూరిబాబు మేష్టారు కాదు, కానీ ఆయన అన్నదమ్ముడిలా ఉన్నాడు. సన్యాసిరావు చేతికి చెమట పట్టిన కొద్దీ ఆ ముఖానికి సోడాబుడ్డి కళ్ళజోడు వచ్చింది, నెత్తిన బట్టతల వచ్చింది. ఎనిమిదో తరగతిలో అందరి ముందూ బెంచీ ఎక్కించి, గేదెల్ని కాసుకోరా అని తరిమిన మేష్టారే ఆయన. ఇప్పుడు వరహా టాకీసు గేటు ముందు వానలో చేతులు జోడించి నిలబడ్డాడు.

“తప్పయిపోనాది రా సన్యాసీ,” అన్నాడు తెర మీది మేష్టారు.

దీపాలు వెలిగాక కూడా సన్యాసిరావు చేతులు పట్టీల మీదే ఉన్నాయి. పక్కకి తిరిగి, “సూసేవా మేష్టార్ని?” అని అడిగాడు.

“మేష్టారెవులు బాబూ?” అన్నాడు గవర్రాజు కళ్ళు తుడుచుకుంటూ. “గేటు సూపించేడు గదా! జాతరంత జనం. ఒక్కడు తోసుకోనేదు. అందరూ వరసలో వచ్చి టిక్కెట్టు సూపించేరు. ఒకడైతే చిల్లర కూడా ఒగ్గీసి ఎల్లిపోనాడు.”

పక్కపక్కన కూర్చున్నారు, ఒకే తెర చూశారు, చెరో సినిమా చూశారు.

తిరునాళ్ళలో అమ్మే గరుకు ప్లాస్టిక్ పటం గుర్తుచేశాడు శశిభూషణ్. ఇటు నుంచి చూస్తే వెంకన్న, అటు నుంచి చూస్తే పద్మావతి. ఈ తెరా అంతే. కాకపోతే రెండు వైపులు కాదు, ఎన్ని కుర్చీలుంటే అన్ని వైపులు. పట్టీ ఒంటిని చదువుతుంది, యంత్రం ఆ ఒంటికి ఏది కావాలో అది అప్పటికప్పుడు తీసి చూపిస్తుంది. దీని పేరు మనోతెర.

“ఇక ఫ్లాప్ అనే మాటే ఉండదు సార్,” అన్నాడు.

ఒప్పందం కాగితాలు వచ్చాయి. యంత్రం కంపెనీది, దానికి హామీ హాలు స్థలం. ఏడాది పాటు రోజూ మూడొంతుల కుర్చీల్లో చేతులు కనపడాలి, కనపడకపోతే స్థలం కంపెనీకి. ఒక సీటుకి ఒక ఒళ్ళు. చదువురానివాడు చూసుకోకుండా సంతకం పెట్టాడని తర్వాత ఊళ్ళో అన్నారు. అదేం కాదు. సన్యాసిరావు ప్రతి అక్షరం చదివే పెట్టాడు. సూరిబాబు మేష్టారు పోయి పన్నెండేళ్ళయింది. ఆయన చేత తప్పు ఒప్పించిన యంత్రం ముందు మూడొంతుల కుర్చీలు ఏ లెక్క?

హాలంతా ఆ కుర్చీలే బిగించారు. హాలు నిండింది. వీరఘట్టం నుంచి ఆటోల్లో వచ్చారు, సీతంపేట కొండల మీది నుంచి జీపుల్లో దిగారు. పావురాలు ఖాళీ చేశాయి. టీవీ వాళ్ళు వచ్చి, ఆట వదిలాక ఒకావిడ ముందు మైకు పెట్టారు.

“సినిమా ఎలా ఉందమ్మా?”

“బాగుంది.”

“కథేంటి?”

“నీకెందుకు?”

ఆ ‘నీకెందుకు’ని ఛానలు సాయంత్రమంతా తిప్పి తిప్పి వేసింది. నలుగురు మేధావులు కూర్చుని అది మహిళా చైతన్యమా, సాంకేతిక విప్లవమా అని అరుచుకున్నారు.

మొదట్లో సన్యాసిరావుకి ఏమీ తేడా తెలియలేదు. తర్వాత ఒక్కొక్కటీ కనిపించసాగింది. ఆట వదిలితే జనం మాట్లాడుకోకుండా బయటికొస్తున్నారు. ఇదివరకు చెత్త సినిమా అయినా సరే, హాలు నుంచి బస్టాండు దాకా దాన్ని తిట్టుకుంటూ వెళ్ళేవారు. ఇప్పుడు ఎవరి ముఖం వాళ్ళు జేబులో పెట్టుకున్నట్టు వెళ్తున్నారు. టీకొట్టు దగ్గర ఇద్దరు మెకానిక్కులు చివర్లో రణధీర్ చచ్చాడా బతికాడా అని కాలర్లు పట్టుకున్నారు. ఇద్దరూ కళ్ళారా చూశారు, ఇద్దరూ నిజమే చెప్పారు.

గవర్రాజు బాధ వేరు.

“ఈల ఎక్కడెయ్యాల బాబూ? నా సినిమాలో మంచి ఘట్టం వచ్చిందని నిన్న ఏసేను. పక్కన ముసిలమ్మ ఉలిక్కిపడి కొట్టడానికొచ్చింది. ఆవిడ సినిమాలో ఎవులో సచ్చిపోతన్నారంట.”

ఈలలు ఆగిపోయాయి. కాగితం ముక్కలు విసరడం ఆగిపోయింది. నిండిన హాలు, చప్పుడు లేదు. నిండిన ఆసుపత్రిలా ఉండేది.

సన్యాసిరావు సినిమాలో మాత్రం రోజూ పండగే. మేష్టారి తర్వాత పొలం గట్టు జరిపిన చిన్నాన్న వచ్చాడు. ఆయన తర్వాత అప్పు ఇవ్వనన్న బ్యాంకు మేనేజరు. మనసులో దాచుకున్న ప్రతివాడినీ రణధీర్ కాలరు పట్టుకుని తెచ్చి క్షమాపణ చెప్పించాడు. బయటికొస్తే ఆ చిన్నాన్న కొడుకులే స్కూటరు మీద పలకరించకుండా పోయేవారు. అందువల్ల కోపం తగ్గాల్సింది పోయి పెరిగింది. లోపల క్షమించేసినవాణ్ణి బయట మళ్ళీ మొదటినుంచి ద్వేషించుకోవాల్సి వచ్చేది.

ఆ కోపంలో ఉండగానే వరహాలమ్మ సంగతి కంటపడింది.

మ్యాట్నీ టిక్కెట్లు ఇవ్వడం అవగానే ఆమె కౌంటరు మూసి, లోపలికెళ్ళి, ఆడవాళ్ళ వైపు గోడ పక్క చివరి కుర్చీలో కూర్చునేది. రోజూ అదే కుర్చీ. మొదట్లో ఆయన పట్టించుకోలేదు. ఒకరోజు ప్రొజెక్టరు గది కిటికీలోంచి చూశాడు. తెర వెలుగు ఆమె ముఖం మీద పడుతోంది. ఆమె నవ్వుతోంది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆ నవ్వు ఆయన చూడలేదు. పళ్ళు కనపడని, ఎవరికోసమూ కాని నవ్వు.

ఇంటికొచ్చాక అడిగాడు. “ఏటి సూస్తన్నావు రోజూ?”

“ఏటుంది. సినిమా.”

“ఏ సినిమా?”

“మీరేటి సూస్తన్నారో నాను అడిగేనా?” అంది ఆమె చేపలు తోముతూ.

అక్కడితో సరి. వరహాలమ్మ మామూలుగానే మాట తక్కువ మనిషి. ఇప్పుడు ఆ తక్కువ కూడా తగ్గింది. వండుతుంది, వడ్డిస్తుంది, అడిగినదానికి ‘ఊఁ’ అంటుంది. మధ్యాహ్నం కోసం మిగతా రోజునంతా ఓర్చుకుంటున్నట్టు కనపడుతుంది. సన్యాసిరావు ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచించేవాడు. ఎవడు వాడు? రణధీరా? పెళ్ళికి ముందు ఆమెకు సంబంధం చూసిన ఆ ఆముదాలవలస రైల్వే గుమాస్తానా? తన సినిమాలో చచ్చినవాళ్ళే లేచొస్తుంటే, ఆమె సినిమాలో ఎవడైనా రావచ్చు గదా.

శశిభూషణ్‌కి ఫోను చేశాడు. ఫలానా సీటులో ఏం కనపడుతోందో చూసే ఏర్పాటు ఏమైనా ఉందా అని అడిగాడు. ఎవరి సీటని చెప్పలేదు.

“లేదు సార్. మాకూ తెలీదు. తీస్తుంది, చూపిస్తుంది, చెరిపేస్తుంది. మనిషి మనసు కదా సార్, గోప్యత ముఖ్యం,” అన్నాడు శశిభూషణ్.

“నీ గోప్యత తగలెయ్య,” అని ఫోను పెట్టేశాక అన్నాడు సన్యాసిరావు.

మర్నాడు ఆట మధ్యలో ఆమె లేచి బయటికి వెళ్ళగానే పరుగున వెళ్ళి ఆ కుర్చీలోనే కూలబడ్డాడు. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. పట్టీల మీద ఆమె చేతి చెమట కూడా ఆరలేదు. చేతులు పెట్టి, ఊపిరి బిగబట్టి తెర వైపు చూశాడు.

“తప్పయిపోనాది రా సన్యాసీ,” అన్నాడు సూరిబాబు మేష్టారు.

“నువ్వు అవతలికి పోవయ్యా!” అని సన్యాసిరావు హాల్లో అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ తిరిగి చూడలేదు. ఎవరి సినిమాల్లో వాళ్ళున్నారు.

ఆ ఆదివారం మ్యాట్నీకి హాలు కిక్కిరిసింది. సన్యాసిరావు లోపలికెళ్ళి చివరి కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఏం చెయ్యాలని వచ్చాడో ఆయనకే తెలీదు. చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళాలని కూడా అనుకున్నాడు. కానీ ఆమె అప్పుడే కాస్త వెనక్కి వాలి కళ్ళార్పకుండా చూస్తోంది. ఆ ముఖం చూశాక చెయ్యి రాలేదు. నోట్లోంచి, చిన్నప్పటినుంచి ఈ హాల్లో వేలమందికి చెప్పిన మాటే వచ్చింది.

“జరుగు.”

బెంచీల రోజుల నుంచీ వరహా టాకీసులో అదే పద్ధతి. హౌస్ ఫుల్ అన్నది బోర్డు మీదే, సర్దుకుంటే ఇంకొకడికి చోటు ఎప్పుడూ ఉంటుంది. తండ్రి చెప్పేవాడు, తను చెప్పాడు. జనమూ గొణుక్కుంటూనే జరిగేవారు. వరహాలమ్మ కూడా తెర మీంచి చూపు తియ్యకుండానే, అలవాటు కొద్దీ, జరిగింది.

ఒక కుర్చీలో ఇద్దరు. ఇద్దరూ సన్నవాళ్ళు కాదు. ఆమె ఎడంచెయ్యి అటు పట్టీ మీద, ఆయన కుడిచెయ్యి ఇటు పట్టీ మీద. మధ్యలో మిగిలిన రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

తెర ఒక్క క్షణం తెల్లబోయింది. యంత్రం పుట్టాక ఇలాంటి ఒళ్ళు చూడలేదు. ఒకే గుండె రెండు రకాలుగా కొట్టుకుంటోంది, ఒకే మనిషికి ఒక చెయ్యి చల్లగా, ఒక చెయ్యి చెమటగా ఉంది. తర్వాత బొమ్మ వచ్చింది.

బస్సు. మామూలు ఎర్ర బస్సు. సీతంపేట ఘాట్ రోడ్డు ఎక్కుతోంది. కిటికీ పక్క సీట్లో వరహాలమ్మ ఒక్కతే, అవతల జీడిమామిడి తోటలు, పొగమంచు. కండక్టరు వేషంలో రణధీర్ వచ్చి, ఎక్కడికని అడక్కుండా టిక్కెట్టు చింపి ఇచ్చి, ఆమె వైపు చూడకుండా ముందుకెళ్ళిపోయాడు. అంతే. ఎవరూ మాట్లాడరు. బస్సు పోతోంది.

ఇంతలో మలుపులో ఎవరో చెయ్యెత్తి బస్సు ఆపారు. సోడాబుడ్డి కళ్ళజోడుతో ఒక ముసలాయన ఎక్కి, కడ్డీ పట్టుకుని, గాభరాగా సీటు సీటూ వెతికాడు.

“సన్యాసి ఉన్నాడేటమ్మా? తప్పయిపోనాదని సెప్పాలి.”

వరహాలమ్మ ఉలిక్కిపడి పక్కకి తిరిగింది. భర్త ఉన్నాడని అప్పుడే తెలిసినట్టు చూసింది.

“ఎవులీ ముసిలోడు? నా బస్సెందుకెక్కేడు?”

“సూరిబాబు మేష్టారు,” అన్నాడు సన్యాసిరావు.

“మిమ్మల్ని గేదెలు కాసుకోమన్న ఆయనా? సచ్చిపోనాడు గదా!”

“నా సినిమాలో రోజూ వస్తాడు. వచ్చి అలగ సెప్తాడు.”

తెర మీద తర్వాతి స్టేజీలో చిన్నాన్న ఎక్కాడు, బ్యాంకు మేనేజరు బ్రీఫ్‌కేసుతో ఎక్కాడు. అందరికీ సన్యాసిరావే కావాలి. బస్సు నిండిపోయింది. కండక్టరు రణధీర్ వాళ్ళ కాలర్లు పట్టుకోవాలా, టిక్కెట్లు కొట్టాలా తెలియక మధ్యలో నిలబడిపోయాడు.

వరహాలమ్మకి నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేదు. “ఇదా మీరు సూస్తన్నది? ఇన్నాళ్ళూ ఇదేనా? ఓలమ్మో!” ఆ నవ్వుకి కుర్చీ ఊగింది. ఊగిన కుర్చీలో సన్యాసిరావుకీ నవ్వొచ్చింది. ఆయన నవ్వి ఎన్నాళ్ళయిందో, మొదట దగ్గు అనుకున్నాడు.

నవ్వు తగ్గాక బస్సు ఒక పక్కన ఆగి ఉంది. వాన పడుతోంది. అద్దం మీద వైపరు ఇటూ అటూ కదులుతోంది. యంత్రానికి ఇంకేం చూపించాలో తోచక అదే చూపిస్తోంది.

“నీ బస్సులో నేను లేను,” అన్నాడు సన్యాసిరావు.

“ఎవులూ లేరు. అందుకే ఎక్కీదాన్ని. ఆ బస్సులో నన్ను ఎవులూ ఏదీ అడగరు. టీ అడగరు, చొక్కా ఎక్కడుందని అడగరు.” తెర మీంచి చూపు తిప్పి, “మీ సినిమాలో నానున్నానా?” అంది.

ఆయన గుర్తుచేసుకున్నాడు. అంతమంది వచ్చారు, అంతమంది కాళ్ళమీద పడ్డారు. ఆమె ఒక్కసారీ రాలేదు.

“లేవు,” అన్నాడు.

“మరి,” అంది ఆమె.

ఇద్దరూ ఆట వదిలేదాకా ఆ వైపరు చూస్తూ కూర్చున్నారు.

ఆ నవ్వు హాలంతా విన్నది. ఆట వదిలాక గవర్రాజు ఆపి అడిగితే సన్యాసిరావు చెప్పలేదు, వరహాలమ్మ చెప్పింది. మర్నాడు గవర్రాజు పెళ్ళాన్ని తెచ్చి ఒక కుర్చీలో సర్దుకున్నాడు. తెర మీద అతని గేటు దగ్గరికి ఆమె పుట్టింటివాళ్ళంతా టిక్కెట్టు లేకుండా వచ్చి దెబ్బలాడారట. ఇద్దరూ కడుపుబ్బ నవ్వి, ఇంటికెళ్ళి నిజంగా దెబ్బలాడుకున్నారట. మాట పాకింది. చచ్చాడా బతికాడా అన్న మెకానిక్కులు ఒక కుర్చీలో ఇరుక్కున్నారు. తల్లులు పిల్లల్ని ఒళ్ళో వేసుకున్నారు. ముగ్గురు కూర్చుంటే సినిమా ఇంకా సాదాగా వచ్చేది. ఒళ్ళు పెరిగిన కొద్దీ యంత్రం తికమకపడి, అందరికీ దగ్గర దగ్గరగా ఒకటే చూపించడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి హాలంతా ఒకే వాన చూసింది. ఒక గొడ్డు రోడ్డు దాటుతుంటే ఆగిన లారీని చూసింది. ఆ లారీ కదలగానే గవర్రాజు ఈల వేశాడు. ఈసారి ఎవరూ కొట్టడానికి రాలేదు. హాలు హాలంతా వేసింది.

ఇంట్లో మాత్రం శాంతి పోయింది. వరహాలమ్మ మాట్లాడసాగింది. ఇరవై ఆరేళ్ళవి ఉన్నాయి ఆమె దగ్గర. మీ అమ్మ ఆరోజు నన్ను అన్న మాట, మీరు పేపరు చదువుతూ వినని మాట, ఆడపడుచు పెళ్ళికి తీసిన గాజులు. ఇదివరకు అవన్నీ బస్సెక్కి మరిచిపోయేది. ఇప్పుడు ఎక్కడానికి బస్సు లేదు. సన్యాసిరావు ఎదురు అరిచేవాడు, అలిగేవాడు, తనే లేచి టీ పెట్టుకునేవాడు. ఆ టీ బాగుండేది కాదు.

కంపెనీ యంత్రం మనుషుల్ని లెక్కపెట్టదు, చేతుల్ని లెక్కపెడుతుంది. ఇద్దరు కూర్చున్న సీటు దానికి ఒక మనిషి, పక్కనున్నది ఖాళీ. హాలు పట్టనంత జనం ఉన్నా, లెక్కలో సగం హాలు ఖాళీ అయింది. శశిభూషణ్ మళ్ళీ కారు దిగాడు.

మ్యాట్నీ మొత్తం వెనక నిలబడి చూశాడు. నవ్వులు విన్నాడు. బయటికొచ్చాడు. తర్వాత టిక్కెట్ల గదిలో కూర్చుని, టీ తాగి, ఏ కుర్చీలో మొదలైంది, మొదట ఎవరు కూర్చున్నారు, బొమ్మ ఎన్ని క్షణాలు ఆగింది అని ఒక్కొక్కటే అడిగాడు. సన్యాసిరావు చెప్పాడు. చెప్పకూడదని ఆయనకి తట్టలేదు. తమ సంగతి ఒక చదువుకున్నవాడు అంత శ్రద్ధగా వినడం ఆయనకు అదే మొదలు.

“చాలా గొప్ప విషయం సార్ ఇది,” అన్నాడు శశిభూషణ్. “కానీ ఒప్పందం ఒప్పందమే. కుర్చీకీ కుర్చీకీ మధ్య నడుం దగ్గర ఇనప కడ్డీ బిగిస్తాం. ఇద్దరు పట్టరు. పాత లెక్క మళ్ళీ వస్తుంది, స్థలం మీకే ఉంటుంది. రేపు వెల్డింగు వాళ్ళు వస్తారు. మీరు ఊఁ అంటే చాలు.”

సన్యాసిరావు వెంటనే ‘వద్దు’ అనలేదు. తర్వాత ఊళ్ళో గొప్పగా చెప్పుకున్నాడు గానీ, నిజానికి అనలేదు. తండ్రి స్థలం కళ్ళ ముందు కదిలింది. ఆ స్థలం తప్ప ఆయనకి ఇంకేమీ లేదు. ఆయన భార్య వైపు చూశాడు. వరహాలమ్మ గుమ్మానికి ఆనుకుని అంతా వింది.

“పెట్టించండి. స్థలం పోతే ఏటి తింటాం?” అంది.

శశిభూషణ్ తల ఊపాడు.

“నా కుర్చీకి మాత్రం ఒద్దు,” అంది ఆమె.

“కుదరదమ్మా. అన్నీ ఒకేలా ఉండాలి. లేకపోతే యంత్రం ఒప్పుకోదు. అయినా మీకు మీ సినిమా మీకు తిరిగొస్తుంది కదమ్మా, ఎవరూ అడ్డం రాకుండా.”

ఆమె ఆలోచించింది. ఆశ పడలేదని సన్యాసిరావు ఎప్పుడూ అనడు. ఆ ఆశ ఆమె ముఖంలో ఆయనకి బాగానే కనపడింది. కిటికీ పక్క సీటు, పొగమంచు, ఏదీ అడగని కండక్టరు. ఆ క్షణంలో ఆమె ఊఁ అంటే, ఆయన మారు మాట్లాడకుండా కడ్డీలు పెట్టించేసేవాడు. అందుకు సిద్ధపడ్డాడు కూడా.

“ఆ బస్సు బాగుండీది బాబూ,” అంది వరహాలమ్మ నెమ్మదిగా. “రోజూ ఎక్కేను. ఒక్క ఊరు రాలేదు. ఎంతసేపు కూకున్నా ఘాట్ రోడ్డే.” తర్వాత భర్త వైపు తిరిగి, ఎప్పుడూ లేనంత విసుగ్గా అంది: “ఒద్దండీ. పోతే పోనాది. ఈయనకి ఊరికే సెప్పేయండి, నన్నెందుకు సూస్తారు?”

“ఒద్దు,” అన్నాడు సన్యాసిరావు.

శశిభూషణ్ కోపం తెచ్చుకోలేదు. కోప్పడి ఉంటే సన్యాసిరావుకి ఇవాళ ఇంత మంట ఉండేది కాదు. వాడు లేచి, ఇద్దరికీ నమస్కారం పెట్టి, లోపలికెళ్ళి ఆడవాళ్ళ వైపు చివరి కుర్చీని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాడు. వెళ్తూ టేపు పెట్టి కుర్చీ వెడల్పు కూడా కొలుచుకున్నాడు.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో డాక్యుమెంటు రైటరు కళ్ళజోడు సర్దుకుని దస్తావేజు పైకి చదివాడు. తూర్పున మెయిన్ రోడ్డు, దక్షిణాన మున్సిపల్ కాలవ, పడమర చిన్నాన్న వారసుల పెరడు, ఉత్తరాన సందు. బల్ల మీద చోటు చాలక సన్యాసిరావూ వరహాలమ్మా ఒకే కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ఆయన మూడుచోట్ల సంతకం పెట్టాడు, ఆమె రెండుచోట్ల వేలిముద్ర వేసింది. టిక్కెట్ల గది, గేటు, సైకిలు స్టాండు కలుపుకుని, పోయింది ముప్పై నాలుగున్నర సెంట్లు.